అలవాటైన తూటా దొరకనప్పుడు: చేతి తుపాకీకి ప్రత్యామ్నాయం ఎంచుకోవడం ఎలా?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఇందాలో నివసించే ఒక విశ్రాంత ఉద్యోగిని ఊహించుకుందాం. ఆత్మరక్షణ నిమిత్తం ఆయనకు ఆయుధ లైసెన్సు ఉంది. బీరువాలో .32 రివాల్వర్ ఉంది. ఏళ్ల తరబడి వాడుతూ వచ్చిన ఒకే రకం తూటాలు నిండుకున్నాయి. దుకాణానికి వెళితే, ‘‘ఆ రకం ఇప్పుడు రావడం లేదు. ఇంకొకటి ఉంది. అదీ పాయింట్ ముప్పై రెండే’’ అన్న సమాధానం ఎదురైంది.

ఆ ఇంకొకటి కొనవచ్చా? కొన్నా తన రివాల్వర్‌లో పెట్టవచ్చా? పెట్టినా, ఆపద వేళ దానిని నమ్మవచ్చా?

ఒకేలా కనిపించే ఈ మూడు ప్రశ్నలూ నిజానికి వేర్వేరు. మొదటిది చట్టానికి, రెండవది యంత్రానికి, మూడవది అనుభవానికి సంబంధించినవి. చాలామంది మూడవ ప్రశ్నతో మొదలుపెడతారు. ఏది శక్తిమంతమైనది, ఏ కంపెనీది మంచిది అని ఆరా తీస్తారు. కానీ సమాధానాలు వెతకవలసిన వరుస పైన చెప్పినదే. ఆ వరుస తప్పితే లైసెన్సుదారు నేరస్థుడు కావచ్చు, లేదా తన చేతిలోని ఆయుధం వల్లే గాయపడవచ్చు.

కొరత ఎందుకు వస్తుంది?

భారతదేశంలో సామాన్య పౌరుడు లైసెన్సు మీద ఉంచుకోగలిగిన చేతి తుపాకులలో ఎక్కువ భాగం .32 బోరువే. కాన్పూర్‌లోని ఆర్డ్‌నెన్స్ కర్మాగారాల నుంచి వచ్చిన .32 రివాల్వర్, 2014లో విడుదలైన ‘నిర్భీక్’, 2023లో వచ్చిన ‘ప్రబల్’ అన్నీ ఈ కోవకే చెందుతాయి. ‘అశని’ అనే .32 పిస్టల్ కూడా ప్రభుత్వ కర్మాగారాల ఉత్పత్తే.

వీటికి కావలసిన తూటాల విషయంలోనూ దేశం ప్రధానంగా ప్రభుత్వ కర్మాగారాల మీదే ఆధారపడుతూ వచ్చింది. పుణె సమీపంలోని ఖడ్కీలో 1869లో ఏర్పాటైన మందుగుండు కర్మాగారం అందులో ముఖ్యమైనది. ఖడ్కీని ఆంగ్లేయులు ‘కిర్కీ’ అనేవారు. తూటాల అడుగున కనిపించే ‘కె.ఎఫ్.’ అక్షరాలు ఆ పేరు నుంచి వచ్చినవే. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విభజించినప్పుడు తూటాల తయారీ మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి, తుపాకుల తయారీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందికి వెళ్లాయి.

ఇలాంటి కర్మాగారాలకు సైన్యం, పోలీసు బలగాల అవసరాలే ప్రథమం. పౌరుల కోసం చేసే తూటాల వంతు ఆ తర్వాతే. మరోవైపు 1980ల మధ్య నుంచి సామాన్య పౌరులు విదేశీ తుపాకులు, తూటాలు దిగుమతి చేసుకునే మార్గం దాదాపుగా మూసుకుపోయింది. క్రీడాకారులకు మాత్రమే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అందువల్ల అలవాటైన రకం ఒకటి ఆగిపోతే, దుకాణంలో దాని పక్కన పది రకాలు ఉండవు.

కొరత భారతదేశానికే పరిమితం కాదు. తూటాల తయారీలో అగ్రస్థానంలో ఉన్న అమెరికాలో సైతం 2013లో .22 తూటాలు, 2020లో కరోనా కాలాన 9 ఎం.ఎం. తూటాలు దుకాణాల్లో కనిపించకుండా పోయాయి. అయితే అక్కడి కొనుగోలుదారుకు పక్క బోరు తుపాకీ కొనుక్కునే వెసులుబాటు ఉంది. ఇందా వాసికి ఆ వెసులుబాటు లేదు.

తూటా లేని తుపాకీ: బెంగాల్ నేర్పిన పాఠం

తుపాకీ దొరకడం కన్నా దానికి తగిన తూటా దొరకడమే కష్టమన్న సంగతి బెంగాల్ చరిత్రలో పదేపదే రుజువైంది.

1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన సరుకులోంచి విప్లవకారులు 50 మౌజర్ పిస్టళ్లను, 46,000 తూటాలను తరలించుకుపోయారు. పిస్టళ్లతో పాటు వాటికి సరిపోయే తూటాలు కూడా చిక్కడమే ఆ ఘటనకు అంత ప్రాధాన్యం తెచ్చింది. ఆ మౌజర్లు ఆ తర్వాత ఎన్నో చోట్ల మోగాయి.

వాటిలో ఒక చోటు ఖరగ్‌పూర్‌కు దగ్గరలోనే ఉంది. ఇక్కడి నుంచి విశాఖపట్నం వైపు రైలెక్కే తెలుగువారందరూ దాటే బాలేశ్వర్ ప్రాంతంలో, చషాఖండ్ వద్ద, 1915 సెప్టెంబరు 9న జతీంద్రనాథ్ ముఖర్జీ అనే ‘బాఘా జతీన్’, ఆయన నలుగురు సహచరులు మౌజర్లతో పోలీసు బలగాన్ని ఎదుర్కొన్నారు. తీవ్రంగా గాయపడిన జతీన్ మరునాడు బాలేశ్వర్ ఆసుపత్రిలో కన్నుమూశారు. వారు ఎదురుచూసిన జర్మనీ ఆయుధాల ఓడ తీరం చేరనే లేదు.

1930 ఏప్రిల్ 18న చిట్టగాంగ్ ఆయుధాగారంపై దాడి చేసిన సూర్య సేన్ దళానికి తుపాకులు చిక్కాయి గానీ, వాటి తూటాలు దొరకలేదు. అవి వేరే చోట ఉన్నాయి. చేతికి అందిన ఆధునిక ఆయుధాలు ఆ రాత్రి అక్కరకు రాలేదు.

తెలుగు నేల మీద 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడి చేసిన అల్లూరి సీతారామరాజు దళం తుపాకులతో పాటు తూటాలనూ పట్టుకెళ్లింది. తుపాకీ ఒక సగం మాత్రమేనని, తూటా రెండో సగమని ఆ దళానికి తెలుసు.

ఆనాటి పోరాటాలకూ నేటి లైసెన్సుదారు ఆత్మరక్షణకూ పోలిక లేదు. కానీ సూత్రం మాత్రం ఒక్కటే. తుపాకీ దానికదే ఆయుధం కాదు. తనకు కొలిచి చేసిన తూటా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది.

పేరు ఒకటే, తీరు వేరు

ఇందా విశ్రాంత ఉద్యోగికి దుకాణదారు చెప్పిన ‘‘అదీ పాయింట్ ముప్పై రెండే’’ అన్న మాటలోనే అసలు చిక్కు ఉంది. భారతదేశంలో ‘.32’ అని పిలిచే తూటాలు ప్రధానంగా రెండు.

మొదటిది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. 1896 నాటిది. రివాల్వర్ కోసం రూపొందింది. దాని ఇత్తడి కేసు పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు. అడుగున వెడల్పాటి అంచు ఉంటుంది. సిలిండర్‌లోని గదిలోకి తూటా జారిపోకుండా ఆ అంచే ఆపుతుంది. సాధారణంగా ఇందులో 98 గ్రెయిన్ల, అంటే ఆరు గ్రాములకు కాస్త పైబడిన, సీసపు గుండు ఉంటుంది.

రెండవది .32 ఏసీపీ. 1899లో జాన్ బ్రౌనింగ్ పిస్టల్ కోసం రూపొందించినది. దీనినే 7.65 ఎం.ఎం. అని కూడా అంటారు. కేసు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. అంచు చాలా సన్నం. 71 గ్రెయిన్ల, అంటే నాలుగున్నర గ్రాములకు పైబడిన, రాగి తొడుగు గుండు ఇందులో సర్వసాధారణం.

రెండింటి గుండు వ్యాసం దాదాపు సమానం. అందుకే రెండింటికీ ఒకే పేరు వచ్చింది. కానీ లోపల పుట్టే ఒత్తిడి వేరు. అమెరికా తయారీదారుల ప్రమాణాల ప్రకారం రివాల్వర్ తూటాకు గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు. పిస్టల్ తూటాకు 20,500 పౌండ్లు. అంటే పొట్టిగా, చిన్నదిగా కనిపించే తూటాలోనే ఒత్తిడి మూడో వంతుకు పైగా ఎక్కువ.

ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. పొడుగైన రివాల్వర్ తూటా పిస్టల్‌లో పట్టదు కాబట్టి ఆ పొరపాటుకు తావు లేదు. కానీ పొట్టిదైన పిస్టల్ తూటా కొన్ని రివాల్వర్ల గదిలోకి వెళ్లి కూర్చుంటుంది. కొన్నిసార్లు పేలుతుంది కూడా. ‘పేలింది కదా, పనికొస్తుంది’ అనుకోవడం తప్పు. తన కోసం కొలవని ఒత్తిడిని ఆ సిలిండర్ ఎన్నిసార్లు తట్టుకుంటుందో బయటి నుంచి చూసి చెప్పడం అసాధ్యం. పాతకాలపు రివాల్వర్లలో ఈ ముప్పు మరింత ఎక్కువ.

ఏది ఏమిటో తెలుసుకోవడానికి చూడవలసిన చోట్లు మూడు. తుపాకీ గొట్టం మీద లేదా ఫ్రేము మీద చెక్కిన బోరు పేరు, తూటా అడుగున ముద్రించిన పేరు, లైసెన్సు పుస్తకంలో రాసిన పేరు. మూడూ కలిసినప్పుడే ముందుకు వెళ్లాలి. ‘.32’ అన్న అంకె ఒక్కటి కలిస్తే చాలదు. దాని తర్వాత వచ్చే పేరు కూడా కలవాలి.

మిగతా బోర్లలోనూ ఇదే తంతు

తాతల నాటి తుపాకులు వారసత్వంగా వచ్చిన ఇళ్లలో ఈ గందరగోళం ఇంకా పెద్దది. లైసెన్సుదారు మరణించినప్పుడు గానీ, ఆయనకు 70 ఏళ్లు నిండాక లేదా ఆయుధం 25 ఏళ్లు తన వద్ద ఉన్నాక గానీ దానిని వారసులకు బదిలీ చేసే అవకాశాన్ని 2016 ఆయుధ నియమాలు కల్పిస్తున్నాయి. అలా వచ్చిన వెబ్లీ వంటి పాత విదేశీ రివాల్వర్లకు అసలైన తూటా దొరకడం అరుదు.

.38 పేరుతోనే కనీసం మూడు రకాల తూటాలు ఉన్నాయి. 1877 నాటి .38 స్మిత్ అండ్ వెసన్ పొట్టిది, గుండు కాస్త లావు. 1890ల చివర వచ్చిన .38 స్పెషల్ పొడుగుది, గుండు కాస్త సన్నం, ఒత్తిడి ఎక్కువ. .380 ఏసీపీ పిస్టల్ తూటా, దానికి వెలుపలి అంచే ఉండదు. ఒకదాని బదులు మరొకటి వాడకూడదు.

.22లో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. .22 లాంగ్ రైఫిల్ కోసం చేసిన రివాల్వర్‌లో పొట్టిదైన .22 షార్ట్ పేలుస్తారు. అయితే గురి కొంత తగ్గవచ్చు. గదిలో మసి వలయం కట్టి, ఆ తర్వాత పొడుగు తూటాలు సరిగా కూర్చోకపోవచ్చు. .22 మాగ్నమ్ మాత్రం పూర్తిగా వేరు. అలాగే .32 లాంగ్ రివాల్వర్‌లో 1878 నాటి పొట్టి .32 స్మిత్ అండ్ వెసన్ తూటా సురక్షితంగా సరిపోతుంది. 1984లో వచ్చిన .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ దానికి సరిపోదు, పెట్టే ప్రయత్నమూ చేయకూడదు.

ఈ ఉదాహరణల నుంచి ఒక సాధారణ సూత్రం తేలుతుంది. ఒకే కుటుంబానికి చెందిన తూటాలలో పొడుగుదాని కోసం చేసిన తుపాకీ పొట్టిదాన్ని కొన్ని సందర్భాల్లో భరిస్తుంది. పొట్టిదాని కోసం చేసినది పొడుగుదాన్ని భరించదు. కుటుంబమే వేరైతే రెండూ కుదరవు. ఏది ఏ కుటుంబానిదో తుపాకీ తయారీదారు చెప్పాలి తప్ప, అది గదిలో పట్టిందా లేదా అన్నది గీటురాయి కాదు.

చట్టం ఏం చెబుతోంది?

1959 ఆయుధ చట్టంలోని మూడవ సెక్షన్ తుపాకీకీ తూటాకూ కలిపి లైసెన్సు తప్పనిసరి చేసింది. అంటే తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏ తూటానైనా ఉంచుకోవచ్చని కాదు. ఏ బోరుకు అనుమతి ఉందో ఆ బోరు తూటాలే ఉంచుకోవాలి. ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్న రెండు అంకెలూ లైసెన్సులో ఉంటాయి. కొన్న ప్రతిసారీ అందులో నమోదు చేయించుకోవాలి.

అనుమతి లేని తూటాలు దగ్గర ఉంటే, 2019 సవరణ తర్వాత, రెండు నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. నిషిద్ధ బోరు అయితే శిక్ష ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు ఉంటుంది. సినిమాల వల్ల అందరికీ తెలిసిన 9 ఎం.ఎం. భారతదేశంలో నిషిద్ధ బోరే. అది ఎంత మంచిదైనా, ఎక్కడైనా దొరుకుతున్నా సామాన్య లైసెన్సుదారుకు ప్రత్యామ్నాయం కాదు.

సైన్యం వాడే బోర్లను పౌరులకు దూరంగా ఉంచే ఈ పద్ధతి బ్రిటిష్ కాలం నాటిది. 1907లో భారత్‌లో .450 బోరు రైఫిళ్లపై ఆంక్ష పడినప్పుడు ఇంగ్లండ్‌లోని తుపాకీ తయారీదారులు .465, .470 వంటి కొత్త బోర్లను ముందుకు తెచ్చారు. వేటగాళ్లు తమ పాత తుపాకీలో కొత్త తూటా ఇరికించలేదు. కొత్త తూటాతో పాటు కొత్త తుపాకీ కూడా కొన్నారు. బోరు మారాలంటే తుపాకీ మారాలి, తుపాకీ మారాలంటే లైసెన్సు మారాలి అన్నది నేటికీ వర్తించే వరుస.

అనుమతించిన బోరుకు లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్. ఇందా వాసులకు పశ్చిమ మేదినీపూర్ జిల్లా యంత్రాంగమే దిక్కు. కమిషనరేట్లు ఉన్న నగరాల్లో పోలీసు కమిషనర్ ఆ అధికారి. నిషిద్ధ బోరు విషయం కేంద్ర హోం శాఖ పరిధిలోనిది.

తెలుగు కుటుంబాలు గమనించవలసిన అంశం ఇంకొకటి ఉంది. ప్రతి లైసెన్సుకూ చెల్లుబాటు ప్రాంతం ఉంటుంది. పశ్చిమ బెంగాల్‌కు మాత్రమే పరిమితమైన లైసెన్సుతో ఆయుధాన్ని వెంటబెట్టుకుని ఒడిశా మీదుగా శ్రీకాకుళానికో విశాఖపట్నానికో వెళ్లడం, ‘అక్కడ దొరుకుతుందేమో’ అని తూటాలు వెతకడం చట్ట విరుద్ధం. సొంత ఊరైనా సరే, లైసెన్సు అక్కడ చెల్లాలి.

ఇంట్లో తూటాలు నింపుకోవడం కూడా మార్గం కాదు. తయారీకి చట్టం వేరే లైసెన్సు కోరుతుంది. దొంగచాటుగా వచ్చే నాటు తూటాలలో మందు ఎంత పోశారో, ఏ మందు పోశారో ఎవరికీ తెలియదు. చట్టం మాట అటుంచినా, వాటికి ముందుగా బలయ్యేది కాల్చినవారి చెయ్యే.

గుండు ఆకారం: దమ్‌దమ్ నుంచి మయామీ దాకా

బోరు కుదిరి, చట్టం కుదిరాక మిగిలేది గుండు రకం. ఒకే తూటా సీసపు గుండుతో, రాగి తొడుగు గుండుతో, ముందు భాగంలో గుంట ఉన్న గుండుతో దొరకవచ్చు. గుంట ఉన్న గుండు శరీరంలో విచ్చుకుంటుంది.

విచ్చుకునే గుండు చరిత్ర ఖరగ్‌పూర్‌కు సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని హౌరా అవతల, కలకత్తా శివారు దమ్‌దమ్‌తో ముడిపడి ఉంది. 1890లలో అక్కడి ఆయుధ కర్మాగారంలో కెప్టెన్ నెవిల్ బెర్టీ క్లే ఆధ్వర్యంలో .303 రైఫిల్ గుండు కొనను తొడుగు లేకుండా వదిలి రూపొందించారు. ‘దమ్‌దమ్ బుల్లెట్’ అన్న పేరు ప్రపంచమంతటా పాకింది. 1899 హేగ్ సమావేశం యుద్ధంలో విచ్చుకునే గుండ్ల వాడకాన్ని నిషేధించింది. ఆ ప్రకటన యుద్ధాలకే వర్తిస్తుంది. తర్వాతి కాలంలో పలు దేశాల పోలీసులు ఇదే సూత్రాన్ని వేరే ఉద్దేశంతో స్వీకరించారు. విచ్చుకున్న గుండు ఒంట్లోనే ఆగిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, వెనుక ఉన్న అమాయకులకు తగిలే ముప్పు తగ్గుతుంది.

అయితే దానికీ పరిమితి ఉంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. ఒక దుండగుడికి మొదట్లోనే తగిలిన 9 ఎం.ఎం. గుండు విచ్చుకుంది గానీ గుండెకు చేరకముందే ఆగిపోయింది. దాంతో ఎఫ్‌బీఐ 10 ఎం.ఎం. వైపు మొగ్గింది. 1990లో .40 బోరు వచ్చింది. పాతికేళ్ల తర్వాత, మెరుగుపడిన గుండ్లతో, ఆ సంస్థ తిరిగి 9 ఎం.ఎం.కే చేరుకుంది. ఆ మధ్యకాలంలో అది స్థిరపరచుకున్న కొలమానం ఒక్కటే. పరీక్ష కోసం వాడే జెలటిన్ దిమ్మెలో గుండు 12 నుంచి 18 అంగుళాల వరకు వెళ్లాలి.

ఈ సుదీర్ఘ ప్రయాణం నుంచి .32 వాడే పౌరుడు గ్రహించవలసింది స్పష్టం. బోరు పెద్దదా, పేరు గొప్పదా అన్నది కాదు, గుండు చేరవలసిన చోటికి చేరుతుందా అన్నదే ముఖ్యం. .32 తూటా శక్తి పరిమితం. అందులో విచ్చుకునే గుండు తరచు లోతును పోగొట్టుకుంటుంది. కొన్ని పిస్టళ్లలో మ్యాగజీన్ నుంచి సాఫీగా ఎక్కదు కూడా. అందుకే ఈ చిన్న బోరులో గుండ్రని ముక్కు ఉన్న మామూలు గుండునే మేలని భావించే నిపుణులు ఎందరో ఉన్నారు. అలవాటైన ప్రత్యేక రకం దొరకక మామూలు రకంతో సరిపెట్టుకోవలసి వస్తే, .32 విషయంలో అది పెద్ద నష్టం కాదు.

దానికి ప్రతిగా ఒక జాగ్రత్త అవసరం. ఆగకుండా వెళ్లే గుండు వెనుక ఏముందన్నది కాల్చేవారి బాధ్యత. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే పట్టణ వీధుల్లో ఇది మరింత నిజం. ఆత్మరక్షణ హక్కు కూడా అవసరానికి మించిన హాని చేయడానికి అనుమతించదు.

కొత్త తూటాను నమ్మేదెలా?

పిస్టల్ వెంట ఉంచుకునే ముందు కొత్త రకం తూటాలు కనీసం రెండు వందలు కాల్చి చూడాలన్నది అమెరికాలో తరచు వినిపించే సలహా. ఏడాదికి కొనగలిగిన తూటాల సంఖ్యే లైసెన్సులో పరిమితమై ఉన్న భారతీయుడికి ఆ సలహా అక్కరకు రాదు. ఉన్న కొద్దిపాటి తూటాలతోనే నమ్మకం కుదుర్చుకోవాలి.

ఇందుకు తగిన చోటు అనుమతి ఉన్న రైఫిల్ క్లబ్ మైదానం. ఇల్లు కాదు, మేడ కాదు, ఊరి బయట పొలమూ కాదు. రివాల్వర్‌లో చూడవలసినవి: తూటాలన్నీ గదుల్లో పూర్తిగా కూర్చున్నాయా, ఏ అంచైనా పైకి లేచి ఉందా, సిలిండర్ అడ్డు లేకుండా తిరుగుతోందా, ప్రతి తూటా మొదటి దెబ్బకే పేలిందా, ఖాళీ కేసులు సులువుగా బయటికి వచ్చాయా. పిస్టల్‌లో అయితే నిండు మ్యాగజీన్‌తో మొదటి తూటా నుంచి చివరిదాకా ఆగకుండా ఎక్కాయా అన్నది కీలకం. ఒక్కసారి ఇరుక్కున్నా ఆ రకాన్ని అనుమానించాలి.

గురి కూడా మారవచ్చు. చాలా రివాల్వర్ల గురిముల్లు ఒక నిర్ణీత బరువు గుండుకు సరిపడేలా బిగించి ఉంటుంది. దగ్గరి దూరంలో తేలికైన, వేగమైన గుండు సాధారణంగా కొంచెం కిందికి, బరువైన, నెమ్మదైన గుండు కొంచెం పైకి తగులుతాయి. బరువైన గుండు గొట్టం వదిలేలోపు తుపాకీ వెనక్కి తన్ని పైకి లేవడమే దీనికి కారణం.

ఒకే పెట్టెలోవి, ఒకే బ్యాచ్‌వి కొనడం మంచిది. పరీక్షించినవి ఒక బ్యాచ్‌వి, వెంట ఉంచుకున్నవి ఇంకొక బ్యాచ్‌వి అయితే ఆ పరీక్షకు విలువ తగ్గుతుంది. పాతవీ కొత్తవీ ఒకే సిలిండర్‌లో కలపకూడదు.

బీరువాలోని పాత తూటాల మాటేమిటి?

కొత్తవి దొరకనప్పుడు అందరికీ మొదట గుర్తుకు వచ్చేవి బీరువా అడుగున పడి ఉన్న పాత తూటాలు. పొడిగా, చల్లగా దాచిన తూటా దశాబ్దాలు నిలుస్తుంది. కానీ ఖరగ్‌పూర్ వానకాలపు తేమలో తోలు సంచిలోనో తోలు బెల్టులోనో ఏళ్ల తరబడి ఉంచితే ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. తుపాకీకి రాసిన నూనె తూటా మీదికి పాకితే ప్రైమర్‌లోకి చేరి దానిని చంపేస్తుంది. చిలుము పట్టినవి, సొట్టపడినవి, గుండు వదులైనవి వాడకూడదు. ఎండలో ఆరబెట్టడం, గీకి శుభ్రం చేయడం పరిష్కారాలు కావు. వాటిని లైసెన్సు ఉన్న దుకాణదారుకో పోలీసులకో అప్పగించడమే సరైన పని.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని సురక్షిత దిశలోనే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. శబ్దం మామూలు కన్నా బలహీనంగా వినిపిస్తే వెంటనే ఆపేయాలి. గుండు గొట్టంలోనే చిక్కుకుని ఉండవచ్చు. ఆ స్థితిలో మరో తూటా పేల్చితే గొట్టం పగిలిపోతుంది.

ఏదీ కుదరకపోతే?

బోరు కలిసినా చట్టం కలవదు, చట్టం కలిసినా తూటా నమ్మకం కలిగించదు. అలాంటప్పుడు మిగిలేవి రెండు దారులు.

ఒకటి, తూటాలు సులభంగా దొరికే అనుమతించిన బోరుకు మారడం. దానికి లైసెన్సు అధికారికి దరఖాస్తు చేసుకోవాలి. 2019 సవరణ ప్రకారం ఒక వ్యక్తి రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు కాబట్టి, పాతదాన్ని ఏం చేయాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. పాతదాన్ని నిబంధనల ప్రకారం మరో లైసెన్సుదారుకు బదిలీ చేయవచ్చు, లేదా లైసెన్సు ఉన్న దుకాణంలో గానీ పోలీసు స్టేషన్‌లో గానీ భద్రపరచవచ్చు.

రెండవది, అసలైన తూటా వచ్చేవరకు ఆయుధాన్ని వెంట తీసుకెళ్లడం మానుకోవడం. ఇది ఓటమిలా అనిపించవచ్చు. కానీ ఎన్నికల వేళ లైసెన్సుదారులు ఆయుధాలను పోలీసు స్టేషన్లలో అప్పగించి వారాల తరబడి అవి లేకుండానే గడుపుతారు. బలమైన తలుపు, సరైన గడియ, వీధిలో దీపం, పొరుగువారితో సఖ్యత, అత్యవసర ఫోన్ నంబరు 112. ఆ రోజుల్లో కుటుంబాన్ని కాపాడేవి ఇవే.

నమ్మదగని తూటా నింపిన రివాల్వర్ నడుముకు ఉంటే మనిషి వెళ్లకూడని చోటికి వెళతాడు, తప్పుకోవలసిన గొడవలో నిలబడతాడు. అది పేలకపోతే ఆ ధైర్యమే ప్రాణాల మీదికి తెస్తుంది. ఆయుధం లేదని తెలిసినవాడు మాత్రం ముందే పక్కకు తప్పుకుంటాడు.

అందుచేత దుకాణదారు ‘‘అదీ పాయింట్ ముప్పై రెండే’’ అన్నప్పుడు ఇందా విశ్రాంత ఉద్యోగి అడగవలసింది ధర కాదు, కంపెనీ పేరు కాదు. తూటాను తిప్పి అడుగున ఏం రాసి ఉందో చూడాలి. తన రివాల్వర్ మీద, తన లైసెన్సులో ఉన్న మాటలతో దానిని పోల్చుకోవాలి. మూడింటిలో ఏ ఒక్కటి కలవకపోయినా పెట్టెను తిరిగి బల్ల మీద పెట్టి ఇంటికి రావడమే ఆ రోజుకు క్షేమం.